గాడిలో పసుపు

నాచారంలో నేను పనిచేసిన షెడ్డులో చేతిపనిముట్లు తయారయ్యేవి. పానాలు, నట్లూ బోల్టులూ తిప్పే రాచెట్లు, పట్టుకార్లు. నేను అక్కడ ఇన్‌స్పెక్టర్ని. తయారైన సరుకును కొలిచి, బాగుంటే ఆకుపచ్చ చుక్క, లేకపోతే ఎర్ర చుక్క పెట్టడం నా పని. నేను ఎర్ర చుక్క పెడితే ఎంత పనిమంతుడైనా తల వంచుకునేవాడు. ఆ అధికారం నాకు మహా ఇష్టంగా ఉండేది. జరిగింది చెప్పేముందు ఇది ఒప్పుకోవాలి.

రెండువేల దశకం మధ్యలో మా సేటు తల వంగే రాచెట్ తయారు చేయించాలనుకున్నాడు. మామూలు రాచెట్ తల పిడికి అతుక్కుని ఉంటుంది. దీని తల మోకాలు మడిచినట్టు మడుచుకుంటుంది. ఇంజను సందుల్లో, చెయ్యి దూరని చోట బోల్టులు విప్పడానికి అది పనికొస్తుంది. తల వంగేట్టు చెయ్యడం పెద్ద పని కాదు. వంగిన చోట కదలకుండా నిలబెట్టడమే అసలు పని. దానికో తాళం కావాలి.

ఆ తాళం చేసింది మా పెద్ద ఫిట్టరు. అప్పటికి యాభై దాటాయి. వరంగల్ జిల్లా నుంచి కుర్రతనంలో వచ్చి మౌలాలిలో స్థిరపడ్డాడు, రోజూ సైకిలు మీద వచ్చేవాడు. అవసరం పడితే నేను ఆయన్ని "అన్నా" అనేవాణ్ణి. సేటు పక్కనుంటే "ఏమయ్యా" అనేవాణ్ణి. ఆయన మాత్రం ఎప్పుడూ "సార్" అనే అన్నాడు.

తాళం చూడ్డానికి చాలా చిన్నది. తల కింది గుండ్రటి ముడుకు మీద ఐదు గాడులు. పిడి లోపల ఒక స్ప్రింగు, దాని ముందు మొన సన్నగా చెక్కిన పిన్ను. బొటనవేలితో బటన్ వెనక్కి లాగితే పిన్ను గాడిలోంచి లేస్తుంది, తల తిరుగుతుంది. వదిలితే ఎదురుగా ఉన్న గాడిలో పడి తలను పట్టేస్తుంది. పిన్ను గాడి అడుగుదాకా దిగాలి. సగంలో ఆగితే పట్టినట్టే ఉంటుంది గానీ, బరువు పడగానే జారిపోతుంది. ఆ గాడులను ఆయన ఆకురాయితో ఒక్కొక్కటిగా చేత్తో సరిచేసేవాడు. సరిచేసి చెవి దగ్గర పెట్టుకుని బటన్ వదిలేవాడు. టక్.

"లోతు కొలిచే గేజీ పెట్టి చూడొచ్చు కదా" అన్నాన్నేను.

"గేజీ మీరు పెట్టుండ్రి సార్. నాకైతే సప్పుడే చెప్తది" అన్నాడు.

పెట్టి చూశాను. ఆరు నమూనాలు, ముప్ఫై గాడులు. ఒక్కటీ తప్పు లేదు. ఆరింటికీ ఆకుపచ్చ చుక్కలు పెట్టాను.

దసరా వచ్చింది. అన్ని షెడ్లలో లాగే మా దగ్గరా ఆయుధపూజ. లేతులకు బంతిపూల దండలు, డ్రిల్లింగ్ మిషన్లకు బొట్లు, గుమ్మానికి గుమ్మడికాయ. సెలవులయ్యాక, బస్సుల రిపేరు షెడ్లకు పనిముట్లు సరఫరా చేసే వ్యాపారి ఒకాయన ఈ రాచెట్లు చూడ్డానికి వస్తున్నాడు. అందుకని ఆరు నమూనాలనూ ఎర్రగుడ్డ మీద వరసగా పెట్టి పూజ నేనే చేశాను. పసుపులో గంధం కలిపి ముద్ద చేశాను. తలలు పూర్తిగా వంచితే గాడులు బయటికి కనిపిస్తున్నాయి. ఆర్డరు రావాలంటే బొట్టు పడాల్సింది అక్కడే అనిపించింది. ఉంగరపు వేలితో ప్రతి గాడిలోనూ అద్దుతున్నాను.

పెద్ద ఫిట్టరు చూసి దగ్గరికొచ్చాడు. "సార్, బొట్టు పిడికి పెట్టుండ్రి. గాడిల వద్దు. గంధం ఎండితే రాయోలె అయితది."

"దేవుడి పసుపుకు కూడా నీ పర్మిషన్ కావాలా?" అన్నాను.

షెడ్డంతా నవ్వింది. లేత్ దగ్గరున్న ఒకతను "అన్న దేవునికి గూడ సైజు చెప్తుండుర బై" అన్నాడు. ఆయనా నవ్వేసి పక్కకు వెళ్ళిపోయాడు. పూజ చేసిన పనిముట్టును మళ్ళీ షెడ్డు తెరిచేదాకా ఎవరూ ముట్టుకోకూడదని మా దగ్గర పట్టింపు. కాబట్టి ఆ ముద్ద రెండు రోజులు హాయిగా ఎండింది.

షెడ్డు తెరిచిన రోజు నమూనాలు శుభ్రం చేసి బటన్లు ఆడించి చూడాల్సింది నేనే. ఉప్పల్ చౌరస్తాలో ఇరుక్కుని ఆలస్యంగా వచ్చాను. వ్యాపారి అప్పటికే సేటు గదిలో చాయ్ తాగుతున్నాడు. గుడ్డతో పైపైన తుడిచి తలలన్నీ నిటారుగా పెట్టేశాను. ఒక్క తాళమైనా పూర్తిగా పట్టిందో లేదో చూడలేదు.

బెంచీకున్న వైస్ ఇనప దవడల మధ్య బిగించిన బోల్టు మీద బలం చూపించడానికి పెద్ద ఫిట్టరే ముందుకొచ్చాడు. తన తాళం కదా. నా చేతిలోంచి ఒకటి తీసుకుని, తల వంచి బోల్టుకు తగిలించి బటన్ వదిలాడు. ఒక్క క్షణం తల పక్కకు పెట్టి విన్నాడు. పక్కన సేటూ వ్యాపారీ మాట్లాడుకుంటున్నారు, ఏం వినిపించిందో తెలీదు. నా వైపు చూశాడు. నేను కానిమ్మన్నట్టు తల ఊపాను.

ఎక్కువ బలం పడేలా పిడికి పైపు తొడిగి గుంజాడు. తాళం జారింది. ఆయన చెయ్యి వెళ్ళి వైస్ దవడకు కొట్టుకుంది. రెండు వేళ్ళ కణుపులు చితికి రక్తం కారింది. వ్యాపారి ఒకడుగు వెనక్కి వేశాడు.

రాచెట్ నా కాళ్ళ దగ్గర పడింది. తీసి చూశాను. గాడి అడుగున పచ్చగా, గట్టిగా, పెంకులాగా పసుపు. నా వేలి ముద్ర కూడా అందులో ఉన్నట్టనిపించింది. గోటితో గీకేశాను. ఆ పని ఎంత త్వరగా చేశానో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"ఏమైంది?" అన్నాడు సేటు.

"గాడి లోతు తగ్గినట్టుంది సార్. ఇదొక్కటీ చివర్లో చేశాడు, నేను కొలవలేదు. వయసొచ్చింది, చూపు ఆనట్లేదేమో" అన్నాను.

రెండు మూడు మాటల్లో రెండు మూడు అబద్ధాలు. గుడ్డ చుట్టిన చెయ్యి పట్టుకుని ఆయన అక్కడే నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు. తన చెయ్యి వైపు చూసుకోలేదు. వైస్ వైపే చూశాడు. తర్వాత ఎవరో దవాఖానాకు తీసుకెళ్ళారు. మిగిలిన గాడులన్నిట్లోని పసుపునూ ఆ సాయంత్రం ఎవరూ చూడకుండా నేనే కడిగేశాను.

కట్టు విప్పాక పనిలోకి వచ్చిన రోజే నా టేబుల్ దగ్గరికొచ్చాడు. "జర ఆ రాచెట్ ఇయ్యుండ్రి సార్, ఏడ తప్పు పోయిందో సూస్త."

"తుక్కులో పడేశాం" అన్నాను. అది మా ఇంట్లో, బట్టల బీరువా అడుగున ఉంది. పారేసే ధైర్యం రాలేదు, చూపించే ధైర్యమూ రాలేదు.

ఆ తర్వాత ఆయన మారిపోయాడు. మళ్ళీ చేస్తున్న నమూనాల్లో ఒక్కో గాడినీ కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, దూరం పెట్టి, దగ్గర పెట్టి చూసేవాడు. సరిగ్గా ఉన్న గాడిని మళ్ళీ రాచి పాడుచేసేవాడు. అలా పాడైన వాటికి నేనే ఎర్ర చుక్కలు పెట్టాను. కొన్నాళ్ళకు తనే అడిగి ప్యాకింగులోకి మారాడు. ఇంకొన్నాళ్ళకు మానేశాడు. వెళ్ళేరోజు నాక్కూడా చెప్పి వెళ్ళాడు. మంచిది అన్నాను.

రాష్ట్రం వచ్చిన ఏడాది, ఉప్పల్‌లో మా చెల్లెలు అపార్ట్‌మెంటులో దిగింది. చూడ్డానికి వెళితే గేటు దగ్గర వాచ్‌మన్ రిజిస్టరు నా వైపు తిప్పి పెన్ను ఇచ్చాడు.

"మీరే రాయుండ్రి సార్. నాకు సూపు మంచిగ లేదు."

ఆ గొంతు గుర్తుపట్టాను. పెన్ను ఇచ్చిన చేతికి రెండు కణుపులు వంకరగా ఉన్నాయి. నేను మాట్లాడగానే ఆయనా గుర్తుపట్టాడు. "సార్, మీరా! మంచిగున్నరా?" అని కుర్చీ చూపించాడు. నేనాడిన అబద్ధాన్ని ఆయన ఊరందరికీ తన గురించి నిజమని నమ్మి చెప్పుకుంటున్నాడు. కూర్చోలేకపోయాను.

ఆదివారం బీరువాలోంచి రాచెట్ తీసుకుని మళ్ళీ వెళ్ళాను. గేటు పక్కన నిలబడి పసుపు సంగతి, గోటితో గీకిన సంగతి, తుక్కు అని చెప్పిన సంగతి, అన్నీ చెప్పాను. ఆయన వింటూనే రాచెట్ అందుకుని చెవి దగ్గర పెట్టుకున్నాడు. టక్. తల తిప్పాడు. టక్. ఐదు గాడులూ విన్నాడు.

"దీన్ని మళ్ల ఆకురాయితోని రాకిన్రా?"

"లేదు. పసుపు తీశానంతే."

"అయితే గప్పుడు నా సూపు మంచిగనే ఉండె."

రాచెట్‌ను చేతిలో అటూ ఇటూ తిప్పాడు.

"కండ్ల డాక్టరు గదే చెప్పిండు, నీకేం లేదు పోవయ్యా అని. నేనే నమ్మలె. గంత సదువుకున్న సార్ చూసి చెప్పిండు, ఈయనకేం తెలుసనుకున్న. ఇంట్ల సూదిల దారం ఎక్కియ్యమన్నా నాతోని గాదంటి." నా వైపు తిరిగాడు. "సేటుకు చెప్పిన్రా?"

"లేదు. ముందు నీకు చెబుదామని..."

"ఆయన ముంగట అన్నరు. ఆయన ముంగటనే చెప్పుండ్రి." రాచెట్ నా చేతిలో పెట్టి, కారు హారన్ వినబడితే గేటు తియ్యడానికి వెళ్ళాడు.

మర్నాడు నాచారం వెళ్ళాను. నేను మానేసి చాలా ఏళ్ళయింది. షెడ్డు సగం గోదాముగా మారింది. సేటు టేబుల్ మీద రాచెట్ పెట్టి మొత్తం చెప్పాను. ఆయన అద్దాలు సర్దుకుని, "ఎవరూ, ఆ ముసలాయనా? ఇప్పుడెందుకయ్యా ఇవన్నీ" అన్నాడు. మళ్ళీ మొదట్నుంచీ చెప్పాను. ఈసారి విన్నాడు. "మంచి పనివాడు, పాపం" అన్నాడు. అంతే. ఫోను తీసుకున్నాడు.

సాయంత్రం ఉప్పల్ వెళ్ళి "చెప్పాను" అన్నాను.

"మంచిది" అన్నాడు. నేను అలవాటుగా రిజిస్టరు మీదికి వంగి పెన్ను తీశాను. ఆయన నా చేతిలోంచి పెన్ను తీసుకుని, రిజిస్టరు తన వైపు తిప్పుకున్నాడు. టైము రాశాడు. ఫ్లాటు నంబరు రాశాడు. గీత దాటని చిన్న అక్షరాలు. తల ఎత్తకుండా, గేటు దగ్గర కొత్తవాళ్ళను అడిగినట్టే అడిగాడు.

"పేరు?"

చెప్పాను.