లాబ్‌ల మౌనిక కొట్టేది, నేను చెప్పేదాన్ని

మేమింకా పిల్లలమే అప్పుడు... డిగ్రీ ఫస్టియర్. మానుకోట కాలేజీల కంప్యూటర్ల గ్రూపు. మొదటి దినం లాబ్‌కు పోతే మొత్తం పన్నెండు సిస్టమ్‌లే నడుస్తున్నయి. ఒక్కోదాని ముంగట ముగ్గురం. కుర్చీ దొరికినోళ్లు కూసున్నరు, మిగిలినోళ్లు వాళ్ల భుజాల మీంచి తొంగిచూసిన్రు...

మాది బయ్యారం దిక్కు ఒక తండా. ఇంట్ల మా భాష, బడిల తెలుగు, కాలేజీల ఇంగ్లీషు. కంప్యూటర్‌ను మాత్రం పుస్తకంల బొమ్మల్నే చూసిన అప్పటిదాంక. ఆ దినం భయం భయంగ ఏదో బటన్ ఒత్తిన... స్క్రీన్ నల్లగైంది.

లాబ్ సారు వచ్చి వెనకాల వైరు కదిలించి సరిచేసిండు. "నువ్వు ముట్టకమ్మా... పక్కన కూసోని చూడు" అన్నడు. తిట్టలే. మెల్లగనే అన్నడు. మెల్లగ అన్నందుకేనేమో, ఆ మాట మూడేండ్లు నాతోనే ఉన్నది.

నా పక్కన కూసున్న పిల్ల మౌనిక. కేసముద్రంల వాళ్ల నాయినది ఎరువుల దుకాణం. ఇంట్ల లాప్‌టాప్ ఉండె, కీబోర్డు మీద చేతులు టకటక ఆడేవి. గని ప్రోగ్రాం ఎక్కడ మొదలువెట్టాల్నో దానికి తోచేది గాదు. నాకేమో ప్రశ్న చదవంగనే నోట్‌బుక్కుల దారి కనవడేది...

"నువ్వు చెప్పవే, నేను కొడ్త" అన్నది ఒకనాడు.

గట్ల మొదలైంది. నేను చెప్పుడు, అది కొట్టుడు. క్లాసుల అందరికన్న ముందు మాదే అయిపోయేది. పగటీలి వాళ్లమ్మ కట్టిచ్చిన పులిహోర నేను తినేదాన్ని, మా యాడి చేసిన జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం అది తినేది. యాడి అంటే మా దాంట్ల అమ్మ.

"జర నువ్వు గూడ కొట్టి చూడవే" అని అది ఎన్నడనలే. నేనెన్నడు అడగలే. ఇద్దరికీ గదే అలవాటైంది.

ఫైనలియర్ల జనగామల ఒక కంపెనీవాళ్లు పరీక్ష పెట్టిన్రు. పొద్దుగాల మానుకోటల బండెక్కి, కిటికీ పక్కన మౌనికకు సీటు ఆపిన. కేసముద్రంల ఎక్కింది. జనగామ దాంక అది అడుగుడు, నేను చెప్పుడు...

గంట టైము. రెండు ప్రోగ్రాంలు. ఎవల సిస్టమ్ వాళ్లకే. పది నిమిషాలల్ల రెండూ కాయితం మీద రాసుకున్న. అటెన్క కీబోర్డు దిక్కు చూసిన... ఒక్క ఏలుతోని ఒక్కో అక్షరం దేవులాడిన. ఏం రాయాల్నో తెలుసు. ఆ అక్షరం ఏ మూలకున్నదో తెల్వది.

మౌనికది పక్క సిస్టమే. "రెండోది ఎట్లనే?" అని సన్నగ అడిగింది. అలవాటుగ చెప్పేసిన. నాలుగు మాటలు. అది టకటక కొట్టుకున్నది. నాది మొదటిదే సగం గాలే... టైమైపోయింది.

సాయంత్రం పేర్లు చదివిన్రు. మౌనిక పేరున్నది. నా పేరు లేదు.

ఏడ్చింది మౌనిక, నేను గాదు. "నీకు రావాల్సిందే ఇది... నాకు గాదు" అని నన్ను పట్టుకున్నది. నాకు ఏడుపు రాలే, కోపం రాలే. చెయ్యి తిమ్మిరెక్కితే ఎట్లుంటది... లోపల గట్ల ఉండె. స్టేషన్ల రెండు సమోసలు కొని ఒకటి దానికిచ్చి, ఒకటి తిన్న. బండిల నిద్ర గూడ పోయిన.

అది హైదరాబాద్ పోయింది. నేను మానుకోటల మీసేవ కేంద్రంల పనికి కుదిరిన. ఇన్‌కం సర్టిఫికెట్లు, కులం సర్టిఫికెట్లు, భూముల పహాణీలు... దినమంత టైపింగే. ఆ కేంద్రం నడిపే అన్నవాళ్లది భూపాలపల్లి. మొదటి వారం నా ఒక్క ఏలు యవ్వారం చూసి, "కీబోర్డు దిక్కు చూడకు చెల్లె, ముంగట నిలవడ్డ మనిషి దిక్కు చూడు. వాళ్లు చెప్పింది కొట్టు, చేతులు అవే నేర్చుకుంటయి" అన్నడు. నేర్చుకున్నయి...

రోజు పనైనంక మౌనిక ఫోన్ చేసేది. "ఇక్కడ ట్రెయినింగ్‌ల ఇది ఇచ్చిన్రే, ఎట్ల చెయ్యాలె?" అని. మీసేవ అరుగు మీద కూసోని చెప్పేదాన్ని. ఆర్నెల్లు గట్ల చెప్పిన. ట్రెయినింగ్ అయిపోయింది, ఫోన్లు తగ్గినయి... మెల్లగ పండుగ మెసేజ్‌లే మిగిలినయి.

ఏడాదిన్నరకు ఇంకో పరీక్ష రాసి నేను గూడ హైదరాబాద్‌ల నౌకరీ కొట్టిన. మెయిల్ వచ్చిన దినం చేనుకాడికి పోయి చెప్పిన. యాడి మిరపకాయలు ఏరుతున్నది. "ఎన్నడు పోవాలె?" అని అడిగింది. చెప్పిన. సరే అన్నది, మళ్ల వంగి ఏరుకున్నది. నేను గూడ చెంగు కట్టుకొని ఆమె పక్క సాలు ఏరిన. నాలుగేండ్లు ఎదురుచూసిన దినం గదే... ఏమనిపియ్యలే.

మొన్న రెండు నెలల కింద మౌనిక ఫోన్ చేసింది. వాళ్ల కంపెనీల మందిని తీసేసిన్రంట, అండ్ల ఇది ఒకతి. "మీ కంపెనీల ఒక మాట చెప్తవానే?" అన్నది. రెజ్యూమె పంపుమన్న. సరే అని, "నా మీద కోపమున్నదా?" అన్నది.

"లేదే" అన్న. అబద్ధం గాదు. లోపల దేవులాడితే ఏం దొరకలే.

రెజ్యూమె ముందుకు పంపిన. ఇంటర్వ్యూల నెగ్గింది. ఇప్పుడు మా ఆఫీసుల్నే, కింది అంతస్తుల పనిచేస్తున్నది. లిఫ్టుల కలిస్తే నవ్వుతది, నేను గూడ నవ్వుత... ఎవల అంతస్తుల వాళ్లం దిగిపోతం.

కాలేజీల ఒకపారి నేను పెన్ను అడిగితే మౌనిక ఇయ్యలేదని మూడు దినాలు మొకాలు తిప్పుకోని తిరిగినం. గంత చిన్నదానికి గంత కోపం వచ్చేది గప్పుడు... ఇంత పెద్దదానికి ఇప్పుడు ఏమొస్తలే.

మీకు గూడ ఎవలతోనన్న గిట్లనే అయిందా... అయితే రాయున్రి, చదువుత.