రహస్య ప్రశ్నకు నా జవాబు

ఆ రోజుల్లో నేను దేన్నీ ఊరికే నమ్మేవాణ్ణి కాదు. ఇరవై నాలుగేళ్ల వయసు, ఆదివారం వస్తే పామర్రు నుంచి బస్సు దిగే ఒక రిటైర్డు మాస్టారి దగ్గర చర్చలు, చంకలో ఎప్పుడూ ఒక కరపత్రాల కట్ట. బల్లి పడిందనో పిల్లి ఎదురైందనో ఎవరైనా ఆగితే చాలు, "ఋజువేది?" అని అడ్డం పడేవాణ్ణి. (మా అమ్మ కూరలో ఉప్పు సరిపోయిందంటే కూడా అదే అడిగానని ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. అది అతిశయోక్తి. నేనడిగింది పులుసు గురించి.) ప్రశ్నించే బుద్ధి ఒక్కటుంటే ఏ మోసమూ మనిషి గడప తొక్కదని నా గట్టి నమ్మకం. ఆ నమ్మకానికి ఋజువు మాత్రం నన్నెవరూ అడగలేదు, నేనూ వెతుక్కోలేదు.

పొట్టకూటికి గవర్నర్‌పేటలో ఒక నెట్ సెంటర్‌లో ఇన్‌చార్జిని. రెండు వేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లయి ఉంటుంది. ఆరు కంప్యూటర్లు, ఆరు ప్లైవుడ్ అరలు, అందరికీ కలిపి ఒక ఫ్యాను. ఈమెయిల్ అంటే జనానికి ఇంకా కొత్త. ఎవరొచ్చినా ఖాతా తెరిచిపెట్టడం మా పనే. వాళ్లు పక్కన నిలబడి పేరు, పుట్టిన తేదీ చెబితే నేను కొట్టేవాణ్ణి. పాస్‌వర్డ్ మాత్రం వాళ్లచేతే కొట్టించేవాణ్ణి, అందులో నాది మహా నిజాయతీ.

ఎదురుగా మరో నెట్ సెంటర్ ఉండేది. దాని యజమానిని వీధంతా బొట్టన్నయ్య అనేది. నుదుటి మీద రూపాయి బిళ్లంత బొట్టు, శుక్రవారం వస్తే ప్రతి కంప్యూటర్‌కూ పసుపూ కుంకుమా, రెండేసి అగరొత్తులు. ఆ పొగ అయ్యాక కూర్చుని అన్నిటికీ అప్‌డేట్లు వేసుకునేవాడు. ఒకసారి టీ కొట్టు దగ్గర నన్ను పట్టుకున్నాడు.

"తమ్ముడూ, అప్‌డేట్ వేశావా? బ్రౌజర్‌లో ఏదో కంత పడిందంట."

"కంతని ఎవరు చూశారన్నయ్యా?"

"దొంగ చూస్తే చాలు గదా, మనం చూడాలా?"

నేను నవ్వేశాను. అగరొత్తులు వెలిగించే మనిషి చెప్పే అప్‌డేట్ కూడా అగరొత్తి లాంటిదేనని నా లెక్క. తెర మీద అప్‌డేట్ కిటికీ తెరుచుకుని "ముఖ్యమైన భద్రతా మార్పు, వెంటనే వేసుకోండి" అన్నప్పుడల్లా 'తర్వాత' అనే మీట నొక్కేవాణ్ణి. ఎందుకు వేసుకోవాలో చెప్పదు, వేసుకోకపోతే కీడు అంటుంది. ఇది బాబాల పద్ధతి కాదా? (పైగా ఫోను లైను మీద నడిచే ఆ డయలప్‌లో అది దిగేలోపు కస్టమర్లు నన్ను తిట్టేవాళ్లు. సిద్ధాంతాలకు ఇలాంటి చిన్న చిన్న ఆసరాలు ఉంటాయి.)

అలా ఏడాది గడిచాక ఒక మధ్యాహ్నం ఎర్రటి కిటికీ ఒకటి దానంతటదే తెరుచుకుంది. మీ యంత్రంలో వైరస్‌లున్నాయంది. ఋజువేదని నేను అడిగేలోపే చూపించడం మొదలుపెట్టింది. ఫైళ్ల పేర్లు గబగబా పైకి పరుగెత్తాయి, అంకె పెరుగుతూ పోయి రెండు వందలు దాటి ఆగింది. ఏ వైరస్ ఏ ఫైల్లో ఉందో వరసగా పట్టిక. నాకు ఎంత గౌరవం కలిగిందో చెప్పలేను. ఇదీ శాస్త్రీయ పద్ధతంటే అనుకుని, అది ఇస్తానన్న రక్షణ కవచాన్ని ఆరు కంప్యూటర్లలోనూ నా చేత్తోనే ఎక్కించాను.

పది రోజుల తర్వాత వన్ టౌన్ నుంచి తాళాల భాయి కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. తాళాలు బాగుచేయడం, మారుతాళం చెవులు చేయడం ఆయన పని. అమ్మాయికి హైదరాబాదులో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులో సీటొచ్చింది. ఆ రోజు సాయంత్రం ఐదులోపు చేరుతున్నానని జవాబు పంపాలి, లేకపోతే సీటు తర్వాతి వాళ్లకు పోతుంది. రెండేళ్లుగా ఎదురుచూసిన సీటు. ఆ అమ్మాయి పాస్‌వర్డ్ కొట్టింది. తప్పంది. మళ్లీ కొట్టింది. మళ్లీ తప్పంది.

"నిన్నగాక మొన్న ఇక్కడే మెయిల్ చూసుకున్నానండి. ఇదే కొట్టాను."

భాయి ఎస్టీడీ బూతు నుంచి కాలేజీకి ఫోన్ చేస్తే, దరఖాస్తులో రాసిన మెయిల్ నుంచే జవాబు రావాలన్నారట. అప్పటికి మూడున్నర. ఎర్ర కిటికీ నుంచి వచ్చిన ఆ కవచం మా దగ్గర కొట్టే ప్రతి అక్షరాన్నీ ఎక్కడికో మోస్తోందని నాకు మెల్లగా బోధపడింది. అప్పుడు నా నోటి నుంచి వచ్చిన మాట ఇక్కడ రాయను. మాస్టారు వింటే హేతువాద సంఘం నుంచి తీసేసేవారు.

"దొంగ ఈ గదిలోనే, ఈ కంప్యూటర్లలోనే ఉన్నాడు భాయ్. పాస్‌వర్డ్ మార్చేద్దాం, ఐదు నిమిషాలు," అన్నాను.

"ఈ పెట్టెలోంచేనా?" అన్నాడు భాయి. "దొంగ గదిలోనే ఉన్నాడంటివి. ఆడి ముందే కొత్త తాళం బిగిస్తావా బాబూ?"

ముప్పై ఏళ్లు తాళాలతో బతికిన మనిషికి ఒక్క క్షణంలో తట్టింది నాకు తట్టలేదు. ఇంక దారేముంది, ముగ్గురం రోడ్డు దాటి బొట్టన్నయ్య దగ్గరికి వెళ్లాం. ఆయన జరిగిందంతా విని, ఆ ఎర్ర కిటికీ ఏం చూపించిందో అడిగాడు. సి డ్రైవ్‌లో ఇన్ని, డి డ్రైవ్‌లో ఇన్ని అని చెప్పాను.

"మీ వాటికి డి డ్రైవ్ ఎక్కడిది తమ్ముడూ?"

లేదు. నిజంగానే లేదు. ఆ పట్టికంతా ఉత్త కట్టుకథ. ఆయన పూజా చేసేవాడు, అప్‌డేటూ చేసేవాడు. నేను రెండూ చేసేవాణ్ణి కాదు, తేడా అంతే.

దొంగ పాస్‌వర్డ్ మార్చాడు గానీ రహస్య ప్రశ్న జోలికి పోలేదు. 'మీరు చదివిన మొదటి బడి పేరేమిటి?' అని తెర అడిగింది. అమ్మాయి బడి పేరు కొట్టింది. తప్పంది. ఉర్దూ బడి, మునిసిపల్ బడి, రెండు రకాలుగానూ కొట్టింది. తప్పంది. ఇంకొక్కసారి తప్పితే ఒక రోజుదాకా మూసేస్తానంది. గోడ గడియారంలో నాలుగూ పది.

"అబ్బా, నేనేం రాశానో గుర్తులేదు," అని అమ్మాయి తండ్రి వైపు చూసింది.

ఆమెకు గుర్తుండే అవకాశమే లేదు. రాసింది నేను. ఖాతా తెరిచేటప్పుడు ప్రతివాళ్లనీ బడి పేరడిగితే ఆలస్యమవుతుందని ఆ గడిని నేనే నింపేసేవాణ్ణి, అందరికీ ఒకే జవాబు. ఆ జవాబు కూడా ఊరికే ఎందుకు పోవాలని, అందులోనూ ప్రచారం చేశాను.

"నేను చెప్తాను," అన్నాను. "కొట్టమ్మా. దేవుడు లేడు."

అగరొత్తుల వాసన గదిలో అలాగే నిలబడింది. భాయి మెల్లగా, "ఏంటి బాబూ?" అన్నాడు.

"జవాబు అదే భాయ్. ఇంగ్లీషు అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా."

అమ్మాయి చేతులు కీబోర్డు మీద నుంచి తీసి ఒళ్లో పెట్టుకుంది. "నేను కొట్టనండి. మీరు రాసింది మీరే కొట్టండి," అని కుర్చీలోంచి లేచింది. బొట్టన్నయ్య గోడమీద దేవుడి పటం వైపు చూస్తున్నాడు. నేను కూర్చుని, నిండు సభలో బల్ల గుద్ది వందసార్లు అన్న మాటను, ఆ రోజు ఒక్కొక్క అక్షరమే వెతుక్కుంటూ కొట్టాను. ఖాతా తలుపు తెరుచుకుంది. అమ్మాయి తిరిగి కూర్చుని కొత్త పాస్‌వర్డ్ పెట్టి, కాలేజీకి జవాబు పంపి, అది చేరినట్టు వచ్చాక రహస్య జవాబు కూడా మార్చుకుంది. ఏం పెట్టావమ్మా అని అలవాటు కొద్దీ అడిగాను.

"మీకు చెప్పాక ఇంక రహస్యం ఏముందండి?" అంది. అప్పుడు మాత్రం భాయి నవ్వాడు.

ఆ తర్వాత పది రోజులు నాకు ఒకటే పని. ఆరు కంప్యూటర్లూ తుడిచి కొత్తగా నింపి, అప్‌డేట్లన్నీ వేసి, రిజిస్టర్ తీసి, నేను ఖాతా తెరిచిన ప్రతి మనిషినీ వెతుక్కుంటూ వెళ్లి పాస్‌వర్డూ రహస్య జవాబూ మార్చుకోమన్నాను. వాళ్లలో గుడి పూజారిగారున్నారు, ఆదివారం ప్రార్థన చేయించే పాస్టరుగారున్నారు. "ఇంతకుముందు అందులో ఏముందోయ్?" అన్నారు పూజారిగారు. "ఏదో లెండి, మీకు నప్పదు," అన్నాను. నా అభిప్రాయాన్ని నేను దాచుకోవడం అదే మొదటిసారి.

దేవుడి విషయంలో నా మాట ఇప్పటికీ మారలేదు. కానీ ఎండన పడి ఒక్కొక్కరినీ ఆపి, "మీ జవాబు మీరే రాసుకోండి, నాకు కూడా చెప్పొద్దు" అని బతిమాలుతూ తిరిగిన ఆ కుర్రాడు గుర్తొస్తే, అన్ని సభల్లో వాడు ఉపన్యసించినదానికంటే హేతువాదానికి దగ్గరగా చేసిన పని అదేనేమో అనిపిస్తుంది. పాపం, వాడికా సంగతి తెలియదు. ఓడిపోయాననుకుని తల వంచుకుని నడిచేవాడు.