సబ్బుతో కడిగిన గొర్రెపిల్ల

నిన్న సాయంత్రం మా లహరిని ఊరి నుంచి తీసుకొచ్చి, ఇంట్లో అడుగు పెట్టీ పెట్టకముందే స్నానాలగదిలోకి నడిపించి, బకెట్టు నింపి, సబ్బు చేతిలోకి తీసుకున్నాను. దాని జుట్టులోంచి గొర్రెల వాసన, కట్టెల పొగ వాసన, ఎండిన వేపాకు వాసన కలిసి ఒక్కసారిగా గుప్పుమన్నాయి. ఆరేళ్ల పిల్ల, ఎనిమిది రోజుల కిందట ఇదే ఇంటి నుంచి షాంపూ వాసనతో బయలుదేరిన పిల్ల. సబ్బు పట్టుకున్న నా చెయ్యి అక్కడే ఆగిపోయింది.

లహరిని ఊరికి పంపాలని మొదట నేను అనుకోలేదు. మార్కాపురంలో ఎండలు ముదిరి బడులు మూసేశారంటే చాలు, ప్రతి గేటుకూ సమ్మర్ క్యాంపుల కరపత్రాలు వేలాడతాయి. అబాకస్ అంటారు, కరాటే అంటారు, పొయ్యి వెలిగించకుండా వంట అంటారు. నేను ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేస్తాను, మా ఆయన పలకల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. పొద్దున పోతే సాయంత్రం దాకా ఇంట్లో ఎవరూ ఉండం. అందుకని ఒక క్యాంపు చూడటానికి వెళ్లాను. ఒకే గది, నలభై మంది పిల్లలు, రెండు ఫ్యాన్లు, పిల్లలు బయటికి పరుగెత్తకుండా తలుపుకు గడియ. కరెంటు పోతే ఏంటని అడిగితే ఇన్వర్టర్ ఉంది మేడమ్ అన్నారు. నన్ను భయపెట్టింది ఆ గడియ. మర్నాడు మా తమ్ముడు ఫోన్ చేసి, "ఈడికి పంపక్కా, గొర్రెపిల్లలుండాయి, ఆడుకుంటాది" అన్నాడు.

పంపాను గానీ, భయపడటంలో నేను మామూలు మనిషిని కాను. త్రిపురాంతకంలో బస్సు దిగి ఆటోలో మా ఊరికి పిల్లను చేర్చి తిరిగొచ్చిన మధ్యాహ్నం నుంచే మొదలైంది. తేళ్లు గుర్తొచ్చాయి, ఊరి బయట గోడ లేని బావి గుర్తొచ్చింది, వడదెబ్బ తగిలి మా ల్యాబ్‌కు రక్తపరీక్షకు వచ్చే పిల్లల ముఖాలు గుర్తొచ్చాయి. రోజుకు నాలుగుసార్లు ఫోన్ చేశాను. నాలుగో రోజు నుంచి అది ఫోన్ దగ్గరికి రావడం మానేసింది. పనుందంట, మళ్లీ మాట్లాడుతుందంట అని మరదలు చెప్పింది. ఆరేళ్ల పిల్లకు పనేంటి? ఏడ్చిందా అని అడిగాను. ఒక్కసారి కూడా లేదంది. అది విని సంతోషించాల్సిందాన్ని, కూర్చుని ఏడ్చాను.

ఆ పని ఏమిటో నాకు తెలియక కాదు. నా ఏడేళ్ల వయసులో నాకూ అదే పని ఉండేది.

మాది గొర్రెలు కాసుకునే ఇల్లు, దాంతో పాటు నాలుగెకరాల మెట్ట. పొద్దున్నే నాయన మందను తోలుకుని నల్లమల వైపు గుట్టలకు వెళ్లేవాడు. నెల కూడా నిండని గొర్రెపిల్లలు ఆ ఎండలో అంత దూరం నడవలేవు గనుక ఇంటి దగ్గరే తడికల దొడ్డిలో ఉండిపోయేవి. బడికి సెలవులిచ్చిన రోజున మా అవ్వ, అంటే నాయన తల్లి, నన్నూ చుట్టుపక్కల పిల్లల్నీ దొడ్డి ముందు నిలబెట్టి, ఒక్కొక్కరికీ ఒక్కో గొర్రెపిల్లను అప్పజెప్పేది. ఆ పిల్ల మందతో పోయేదాకా దానికి లేత రెమ్మలు తేవడం, నీడ మారినప్పుడల్లా దాన్ని నీడలోకి మార్చడం, కుక్కలు రాకుండా చూడటం, సాయంత్రం మంద రాగానే తల్లి దగ్గరికి వదలడం, అంతా ఆ బిడ్డదే పూచీ. మార్కాపురం వెళ్లినప్పుడు నాయన తెచ్చే విరిగిన పలక ముక్కల మీద ఎవరి గొర్రెపిల్ల పేరు వాళ్లం బలపంతో రాసి తడికకు కట్టేవాళ్లం. పిల్ల మొదటిసారి మందతో నడిచిపోయిన రోజున, దాన్ని కాసిన బిడ్డకు అవ్వ నెయ్యి పూసిన ఓళిగ, అదే బొబ్బట్టు, ఒకటి చేసి పెట్టేది. ఉగాదికి తిన్న ఓళిగల కంటే అదే రుచి అనిపించేది.

పగళ్లు ఎంత పొడుగ్గా ఉండేవో చెప్పలేను. పొద్దున సజ్జరొట్టె మీద ఎర్రకారం, పదింటికి ఉల్లిపాయ నంజుకుని అంబలి, గుట్టల మీద నుంచి నాయన తువ్వాలు కొంగున మూటగట్టి తెచ్చే తునికిపండ్లు, మొర్రిపండ్లు, దొడ్డి పక్క నీడలో చింతపిక్కలాట, గిల్లికజ్జాలు, ఎవరి గొర్రెపిల్ల ఎత్తుగా గెంతుతుందో చూసే పందేలు. అవ్వ మాత్రం గడప మీద కూర్చుని ఉన్ని వడుకుతూ, తల ఎత్తకుండానే, ఎవరి పిల్ల ఎండలో ఉందో చెప్పేసేది. సాయంత్రం మంద దుమ్ము రేపుకుంటూ వచ్చేసరికి తడిక తీసేవాళ్లం. ఇటు పిల్లల అరుపులు, అటు తల్లుల అరుపులు, రెండు నిమిషాలు ఒకరి మాట ఒకరికి వినబడేది కాదు. తల్లి ముక్కు వంచి పిల్ల తోక దగ్గర వాసన చూసేది, తనదే అని తెలిస్తే కదలకుండా నిలబడి పాలిచ్చేది, కాకపోతే తలతో ఒక్క పోటు పొడిచేది.

ఆ ఏడు ఉగాది అయిన వారానికి మా అమ్మ పురిటికి వెలిగండ్లలోని పుట్టింటికి వెళ్లింది. రెండు బస్సులు మారాలి, కడుపుతో ఉన్న మనిషి, నన్ను కూడా వెంట తిప్పుకోలేనంది. తిరిగొచ్చేసరికి నెలవుతుందో రెండు నెలలవుతుందో ఎవరూ చెప్పలేదు. ఊళ్లో ఒక పెద్దమ్మ నన్ను ఆటపట్టించడానికి, ఇంక మీ అమ్మకు కొత్తబిడ్డొస్తాడు, నిన్ను యాడ గుర్తుపెట్టుకుంటాది అన్నది. ఆవిడకు అది వేళాకోళం. నేను మాత్రం నిజమే అనుకున్నాను. ఎవరికీ చెప్పుకోలేదు. అమ్మ ట్రంకుపెట్టెలో చీరల మధ్య మొగలిపూల వాసన సబ్బు ఒకటి ఉండేది, పండగలకు మాత్రమే వాడేది. రోజూ మధ్యాహ్నం అవ్వ కునికిపాట్లు పడుతున్నప్పుడు నేను ఆ పెట్టె తెరిచి, తల లోపలికి దూర్చి, ఆ వాసన పీల్చి మూసేసేదాన్ని.

ఒక మధ్యాహ్నం, వడగాడ్పుకు కుక్కలు కూడా అరుగుల కిందికి దూరిన మధ్యాహ్నం, నాకు అప్పజెప్పిన గొర్రెపిల్లను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పుట్టి వారమైనా కాలేదు, నుదుటి మీద తెల్లమచ్చ ఉండేది. దాని దగ్గర కూడా అమ్మ వాసన వస్తే ఎంత బాగుంటుంది అనిపించింది. అంతే, ఆ సబ్బు తెచ్చి, తొట్టి దగ్గర దాన్ని చెవుల నుంచి తోక దాకా నురగ వచ్చేలా రుద్ది, మూడు చెంబుల నీళ్లు పోసి, నా గౌనుతో తుడిచి ఎండలో ఆరబెట్టాను. ఒళ్లంతా నిగనిగా మెరిసిపోయింది. గొర్రెల ఇంట పుట్టి, రోజూ చూస్తూ కూడా నాకు తట్టనిది ఒక్కటే, తల్లి గొర్రె ముక్కుతో పోల్చుకునే ఆ వాసనను సబ్బు చెరిపేస్తుందని.

సాయంత్రం తడిక తీశాక నా గొర్రెపిల్ల అందరికంటే ముందు పరుగెత్తింది. తల్లి ముక్కు వంచి వాసన చూసింది, తల ఎత్తింది, మళ్లీ చూసింది, ఒక్క పోటు పొడిచింది. పిల్ల దొర్లి లేచి మళ్లీ వెళ్లింది. మళ్లీ పొడిచింది. ఆ తర్వాత ఆ తల్లి మందంతా తిరుగుతూ, తన పిల్ల కోసం అరుస్తూనే ఉంది, పిల్ల దాని వెనకాలే అరుస్తూ తిరుగుతూనే ఉంది. నాయన గొర్రెపిల్లను ఎత్తి వాసన చూశాడు. నావైపు ఒకసారి చూశాడు. అవ్వతో మెల్లగా అన్నాడు, "రేపు మాపటికల్లా తల్లి ఒల్లకపోతే, దగ్గరికి రానీకపోతే, ఈ పిల్ల మనకు దక్కదు."

తిట్టి ఉంటే బాగుండేది. అవ్వ మేకపాలలో గుడ్డ తడిపి నోట్లో పెడితే రెండు చుక్కలు మింగి ఉమ్మేసింది. పొద్దున నాయన తల్లిని కాళ్ల మధ్య అదిమి పట్టుకుంటే నాలుగు గుక్కలు తాగింది గానీ, వదిలీ వదలగానే మళ్లీ పొడిచింది. మంద వెళ్లిపోయింది, ఆ తల్లిని మాత్రం ఉంచేశారు. అవ్వ గొర్రెపిల్లను వట్టి నీళ్లతో రెండుసార్లు కడిగింది, తల్లి పాలు పిండి దాని ఒంటికంతా పూసింది, తల్లి పడుకున్న చోటి మట్టి తెచ్చి తోక దగ్గర రాసింది, వీపు మీద ఉప్పు చల్లింది. రెండింటినీ చిన్న కొట్టంలో కట్టేసి, నన్ను గుమ్మంలో కూర్చోబెట్టింది. నా వల్లే చచ్చిపోతుందా అని అడిగాను. అవ్వ నా పక్కనే కూర్చుని అన్నది, "నీది తప్పు గాదు, తల్లిదీ తప్పు గాదు. ముక్కుకు తెలవకపోతే అది మాత్రం ఏం చేస్తాది? తెలిసేదాకా దగ్గరుంచాల, అంతే."

ఆ రోజు నేను అన్నానికి లేవలేదు. మధ్యాహ్నం దాకా ఆ తల్లి పిల్ల వైపు వీపు పెట్టి నిలబడింది. తర్వాత ఉప్పు కోసం ఒకసారి నాకింది. మళ్లీ నాకింది. పొద్దు వాలుతుండగా తోక దగ్గర ముక్కు పెట్టి చాలాసేపు వాసన చూసింది, గొంతులోంచి సన్నగా గురగురమంది, కాలు కాస్త పక్కకు జరిపింది. గొర్రెపిల్ల దూరి తాగుతుంటే దాని తోక గిరగిరా ఊగింది. నాకు ప్రాణం లేచి వచ్చింది.

కానీ నా భయం అంతటితో పోలేదు, అసలు సంగతి అక్కడే మొదలైంది. వాసన మారితే తల్లి ఒల్లదు గదా, మరి అమ్మ వచ్చేసరికి నా వాసన మారిపోతే? ఆ రోజు నుంచి నేను స్నానం మానేశాను. కుంకుడుకాయలు కనబడితే దొడ్డి వెనక్కి పారిపోయేదాన్ని. అవ్వ బతిమాలింది, బెదిరించింది, ఒకసారి జుట్టు పట్టుకుని తొట్టి దాకా ఈడ్చుకెళ్లింది, నేను ఊరు వినేలా ఏడిస్తే వదిలేసింది. ఎందుకే అంటే నోరు విప్పేదాన్ని కాదు. నెల దాటాక ఒక పూట అమ్మ తమ్ముణ్ణి ఎత్తుకుని బస్సు దిగి వచ్చింది. అందరూ చుట్టూ మూగారు. నేను తడిక వెనకాల దాక్కుని, అమ్మ నన్ను ఏం చేస్తుందో అని సందులోంచి చూస్తూ నిలబడ్డాను. అమ్మ బిడ్డను అవ్వ చేతికిచ్చి, నేరుగా దొడ్డి దగ్గరికి వచ్చి, మట్టిగొట్టుకుపోయిన నా తల దగ్గరికి లాక్కుని, మాడు మీద ముక్కు పెట్టింది. "ఏందే, గొర్రెపిల్ల మాదిరి కంపు కొడతన్నావు" అని నవ్వింది. నవ్వుతూనే వదల్లేదు. నేను అప్పుడు ఏడ్చిన ఏడుపు మళ్లీ ఎప్పుడూ ఏడవలేదు.

ఆ తమ్ముడే ఇప్పుడు గొర్రెలు కాస్తున్నాడు. నాయన నాటికి వందకు పైగా ఉండేవి, ఇప్పుడు ముప్పై లేవు. గుట్టల కింద మేత బీళ్లకు కంచెలు పడ్డాయి. అవ్వ లేదు, ఆమె వడికే ఉన్ని కొనేవాళ్లూ లేరు. తడికకు కట్టడానికి పలక ముక్కలు అడిగే పిల్లలు లేరు, ఊళ్లో పిల్లలు సెలవులకు మార్కాపురంలోనే ఏదో ఒక క్లాసులో ఉంటున్నారు. ఆ మొగలిపూల సబ్బు ఏ దుకాణంలోనూ దొరకదు. అమ్మ పోయి నాలుగేళ్లయింది. నిన్న నేను వెళ్లేసరికి మా తమ్ముడి దొడ్డిలో లహరి ఒక గొర్రెపిల్లను నీడలోకి లాగుతూ ఉంది. నన్ను చూసి పరుగెత్తుకు రాలేదు. ఆ పని పూర్తిచేసి, చేతులు గౌనుకు తుడుచుకుని, అప్పుడు వచ్చింది. ఆ అరనిమిషం నేను పడ్డ బాధ చెబితే ఎవరైనా నవ్వుతారు.

నిన్న ఆ స్నానాలగదిలో, బకెట్టు నిండి పొర్లుతుంటే, అది నా చేతిలోని సబ్బు వైపే చూస్తూ నిలబడింది. ఈ కథ నేను దానికి ఎన్నడూ చెప్పలేదు. సబ్బు తగిలితే గొర్రెపిల్లను తల్లి ఒల్లదని మామ చెప్పి ఉంటాడు, అంతవరకే.

"అమ్మా, సబ్బు రుద్దితే నువ్వు నన్ను ఒల్లవా?" అంది.

సబ్బు గూట్లో పెట్టేసి, తడినేల మీదే కూర్చుని, దాన్ని దగ్గరికి లాక్కుని మాడు మీద ముక్కు పెట్టాను. కదలకుండా నిలబడింది, ఊపిరి కూడా బిగబట్టింది. చాలాసేపు వాసన చూశాను, అవసరమైనంత కంటే ఎక్కువసేపే. తర్వాత వట్టి నీళ్లు పోశాను.