బామ్మర్ది ఉద్యోగానికి ఎర్ర సిరా

టైర్ల దుకాణం మేడ మీద ఇంగ్లీషు నేర్పే ట్యూషన్ సెంటర్లో ఆయన పని తప్పులు దిద్దడం. పాఠం చెప్పేవాళ్లు వేరే ఉన్నారు, ఈయన దగ్గరికి కాగితాలే వస్తాయి. నర్సులు, డ్రైవర్లు, హోటళ్లలో గిన్నెలు కడిగేవాళ్లు పొద్దంతా ఒళ్లు హూనం చేసుకుని, సాయంత్రం తమ గురించి నాలుగు ముక్కలు రాసిస్తే, ఈయన వాటి మీద కోడిని కోసినట్టు ఎర్ర సిరా పారించేవాడు. ఒక నర్సు తల్లి పోయిన రోజు గురించి రాసింది. ఆ పేజీ కింద "క్రియలు చూసుకో" అని రాసి తిరిగిచ్చాడు. ఆయన రాతలో మాత్రం ఎవరూ ఒక్క తప్పు పట్టలేరు. జన్మలో ఏమైనా రాస్తే కదా. అందరూ వెనకాల ఎర్రపెన్ను అనేవాళ్లు. అదేదో బిరుదనుకుని ఆయన మురిసిపోయేవాడు.

ఆయన బామ్మర్ది క్రేన్ నడుపుతాడు. పాత ఫ్యాక్టరీ మూతపడ్డాక ఇంట్లో ఈగలు తోలుకుంటూ కూర్చున్నాడు. చివరికి ఓ గోదాముల కంపెనీ ఉద్యోగమిస్తున్నట్టు ఇంగ్లీషులో ఉత్తర్వు రాసిచ్చింది. ఆ ఉత్తర్వు సోమవారం ఆఫీసులో ఇస్తేనే చేర్చుకుంటారు. ముందు అక్కకి చూపిద్దామని శనివారం సాయంత్రం తెచ్చాడు.

అక్క చేతులు తుడుచుకుని వచ్చేలోపే కాగితం బావ చేతిలో పడింది.

"ఎవడ్రా ఇది రాసింది? బండెడు తప్పులు."

"ఎవరు రాస్తే ఏంటి బావా, ఇచ్చారుగా. ఇటివ్వు."

"ఆగరా. చూస్తూ చూస్తూ ఎలా వదిలేస్తాం?"

వాడు లాక్కోబోయేసరికి బావ పెన్ను మూత ఊడనే ఊడింది. మొదటి వరస నుంచి మేనేజర్ సంతకం దాకా దిద్ది, అడుగున పదికి నాలుగు మార్కులేసి, చుట్టూ గీత కూడా గీశాడు.

"ఏమండీ, అది వాడి బతుకండీ," అంది భార్య.

"అందుకే డబ్బు పుచ్చుకోకుండా చేశాను."

ఆదివారం ఆఫీసుకి సెలవు. ఇంకో కాగితం అడిగే దారి లేక, సోమవారం బామ్మర్ది దాన్నే పట్టుకెళ్లాడు. అది రాసింది మేనేజరే. మార్కుల దాకా చదివేసరికి ఆయన మొహం కందగడ్డయింది. బయట బెంచీ మీద ఇంకా బోలెడుమంది క్రేన్ డ్రైవర్లు కూర్చునున్నారు.

సాయంత్రం బామ్మర్ది వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"ఏరా, ఏమన్నాడు?" అన్నాడు బావ.

"పొమ్మన్నాడు."

"ఇంగ్లీషులోనా?"

"ఆ. గెట్ అవుట్ అన్నాడు."

ఎర్రపెన్ను ఆ రెండు మాటల్లోనూ తప్పు వెతికాడు.

"పర్లేదు, ఇదొక్కటి సరిగ్గానే అన్నాడు."

భార్య లోపలికెళ్లి రెండు కంచాల్లో వడ్డించింది. ఒకటి తమ్ముడికి, ఒకటి తనకి.