సుగుణ బుగ్గమీద మచ్చ

ఈ రోజు మా సుగుణను మదనపల్లె ఆసుపత్రికి తీసుకుపోయాను. ఏడేళ్ల పిల్ల. ఎండాకాలమంతా మాతోపాటు టమోటా తోటలోనే తిరిగి నల్లగా కమిలిపోయింది. ఆ నలుపులో బుగ్గమీద తెల్లటి మచ్చ తేలింది. ఒకరు పసుపు పూయమన్నారు, ఇంకొకరు స్నో రాయమన్నారు. పక్కింటామె మాత్రం గొంతు తగ్గించి, "కుష్టేమో, సూపించుమ్మా" అంది. అప్పటి నుంచి నాకు అన్నం సహించలేదు.

డాక్టరమ్మ పిల్లను కళ్ళు మూసుకోమని, మచ్చమీద దూదితో తాకింది. సుగుణ వెంటనే అక్కడే వేలు పెట్టి చూపించింది. కుష్టు మచ్చకైతే స్పర్శ తెలియదట.

"ఆ రోగం కాదమ్మా. చర్మం పొడిబారి వచ్చిన మచ్చ. చుట్టూ ఎండకు నల్లబడింది కాబట్టి తెల్లంగా కనిపిస్తాండాది."

"మరి ఎండకు ఏం పూయాలమ్మా?"

"పొడికి కొబ్బరినూనె రాయి. ఎండకు నీడే మందు. మధ్యాన్నం తోటకు పంపొద్దు. నిండు చేతుల చొక్కా ఎయ్యి, తలకు గుడ్డ కట్టు. పిల్లకే కాదు, మీ అందరికీ."

బస్సు ఎక్కాక ఊపిరి పీల్చుకున్నాను. పుంగనూరు దాటాక సుగుణ అడిగింది: "అమ్మా, ఇంక అవ్వ నన్ను పక్కలో పండుకోనిస్తాదా?"

రాత్రిళ్ళు మోటారుకు కరెంటు వచ్చే వేళకు తోటకు నీళ్ళు కట్టడానికి పోయే నాకు, మా అత్త దానికి వేరే చాప వేస్తోందని అప్పుడే తెలిసింది. ఇంటికి రాగానే డాక్టరమ్మ మాట ఆమెకు చెప్పాను. "సరేలేమ్మా" అంది గానీ, ఇందాక చాప మళ్ళీ దూరంగానే పరిచింది.

మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళకు ఎలా నచ్చజెప్పారో చెప్పండి. ఈ పూటకు తోట ఎండితే ఎండనీ, నేను దాని చాపమీదే పడుకుంటాను.