బూటుదా, మనిషిదా

అద్దె బూట్ల గదిలోకి అడుగుపెడితే చాలు, తడిసిన సాక్సుల వాసన, వేడెక్కిన ప్లాస్టిక్ వాసన కలిసి గుప్పుమంటాయి. ఈ డిసెంబరులోనూ అంతే. అమెరికాలో నోవై అనే ఊరికి గంట దూరంలో ఉన్న చిన్న స్కీ గుట్ట అది. బల్ల మీద కూర్చుని బకిల్స్ బిగించుకుంటుంటే, పక్కన ఒకాయన "ముందుకు వంగమంటే వంగవేం?" అని భార్యను ఇంగ్లిషులో విసుక్కుంటున్నాడు. నాకు రఘురామ్ గారు గుర్తొచ్చారు.

ఆయన మా కార్ల కంపెనీలో సస్పెన్షన్ విభాగం సీనియర్ ఇంజనీరు, రాజమండ్రి మనిషి. యాభై దాటాక మంచు మీద జారడం నేర్చుకుని, ఆ పిచ్చి తెలుగువాళ్ళందరికీ అంటించాలని చూసేవారు. ఆఫీసులో రఘురామ్ గారు, గుట్ట మీద మాస్టారు. దొరికాను నేను. మొదటి రోజు నేను పడ్డ పాట్లు పగవాళ్ళకి కూడా వద్దు. నాలుగు గజాలు జారడం, వెల్లకిలా పడడం. నేర్పడానికి వచ్చిన అమెరికన్ ఆవిడ మోకాళ్ళు వంచమని అరిచీ అరిచీ అలిసిపోయింది. అప్పట్లో మేనేజరు చేత రోజూ చీవాట్లు తింటున్నాను. దేనికీ పనికిరానని సగం నమ్మేశాను. మిగతా సగం ఆ గుట్ట తేల్చేసేలా ఉంది.

"నా వల్ల కాదు మాస్టారూ. నాకు బ్యాలెన్స్ లేదు."

"నీ సంగతి తర్వాత. ముందు బూటు విప్పు," అన్నారు.

విప్పితే లోపల రెండు జతల ఉన్ని సాక్సులు. ఆయన బూటు తిరగేసి చూశారు. "ఒక సైజు పెద్దది అడిగావు కదూ?"

"చిన్నప్పట్నుంచీ అలాగే కొంటాం కదండీ, రెండేళ్ళు వస్తాయని."

"అద్దె బూట్లు రెండేళ్ళు రావాలా తల్లీ!" అని పొట్ట పట్టుకుని నవ్వారు.

ఒక జత సాక్సులు తీయించి, చిన్న సైజు బూట్లు తెప్పించారు. లోపల మడమ లేవకూడదు, మోకాలి కింది ఎముక బూటు ముందుభాగానికి ఆనుతూ ఉండాలి. వదులు బూటులో ఎవరికైనా బరువు వెనక్కే పోతుందన్నారు. మళ్ళీ జారాను. పడ్డాను, కానీ చాలా దూరం వెళ్ళి పడ్డాను. "ఇప్పుడు పడింది మాత్రం నీ తప్పే. ఇప్పుడు తిడతాను, విను," అన్నారు. ఆయన పద్ధతి అదే, ముందు బూటు, తర్వాత మనిషి. ఆఫీసులోనూ అంతే. నా పనిలో తప్పులొస్తున్నాయని తెలిసి, నాకిచ్చిన డ్రాయింగులు ముందు తెప్పించి చూశారు. అవి పాతవి! ఆ తర్వాత ఆ ఆఫీసులో నేను తల దించుకుని నడవలేదు.

కొన్నేళ్ళకి ఆయనే పడడం మొదలైంది. ఎప్పుడూ ఎడమవైపే. ఎడమ బూటు అడుగున సన్నటి బిళ్ళ వేయించారు, తీయించారు. లోపలి మెత్త మార్పించారు. చివరికి కొత్త బూట్లే కొన్నారు. "షాపువాడికి పని రాదమ్మాయ్, యాంగిల్ ఇంకొంచెం అడ్జస్ట్ చేయాలి," అనేవారు. నేనూ నమ్మాను. ఆయన చెప్పాక నమ్మకేం చేస్తాను!

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం ఆఫీసు పార్కింగులో, మంచు తీసేసిన చదును నేల మీద, తూలి నా చెయ్యి పట్టుకున్నారు. "చూశావా, ఈ ఎడమది..." అని ఆగిపోయారు.

"ఇవి మామూలు బూట్లు కదండీ," అన్నాను.

ఆయన తన కాళ్ళ వైపు చాలాసేపు చూసుకున్నారు. "అవునమ్మాయ్. ఇక బూటుని అనడానికేం లేదు," అన్నారు.

నరాల జబ్బు. మందు లేదన్నారు. ముందు కాళ్ళు పోయాయి, తర్వాత చేతులు. ఆ మనిషికా ఈ శిక్ష అని దేవుణ్ణి తిట్టుకోని రోజు లేదు.

చివరిసారి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు బయట మంచు కురుస్తోంది. "చూడాలనుంది. కాస్త నిలబెడతారా?" అన్నారు. ఆయన భార్య ఉష గారు వెనక నుంచి పట్టుకున్నారు. నేను ఎదురుగా నిలబడి, ఆయన చేతులు నా భుజాల మీద వేసుకున్నాను. ఎముకలే మిగిలిన మనిషైనా, బరువు మీద పడేసరికి తడబడ్డాను.

"కంగారుపడకు," అన్నారు చెవి దగ్గర, ముద్దముద్దగా. "ముందు నువ్వు సరిగ్గా నిలబడు. నన్ను తర్వాత పట్టుకుందువుగాని."

నిలబడ్డాను. తర్వాత ఆయన్ని పట్టుకున్నాను. ఆయన నా భుజం మీదుగా కిటికీలోంచి మంచు చూస్తున్నారు. నాకు గోడ తప్ప ఏమీ కనిపించడం లేదు. కన్నీళ్ళు తుడుచుకుందామంటే చేతులు ఖాళీ లేవు.

ఆయన లేరు. జారడానికి సిద్ధమై గుట్ట అంచున నిలబడితే, భుజాల మీద ఆ చేతుల బరువు ఇప్పటికీ తెలుస్తుంది. దించుకోవాలని నాకు లేదు.