రిజిస్టరులో ఒక ఎర్రగీత

1979లో నాకు డ్రెస్సరు పోస్టు ఇచ్చారు. ఏన్కూరు అవతల, అడవి అంచున ఉన్న చిన్న ప్రభుత్వ దవాఖానా. డ్రెస్సరంటే పుండ్లు కడిగి కట్టు కట్టేవాడు. హోదాలో కాంపౌండరుకు కింద, వార్డుబాయికి పైన. అంతకుముందు పన్నెండేళ్లు అదే దవాఖానాలో నేను వార్డుబాయిని. చదువు లేక పైకి పోలేదు. నా ముప్పై ఏడో ఏట మా కాంపౌండరు మందు సీసాల మీది కాగితాలు చూపించి అక్షరాలు నేర్పాడు. అందుకే నాకు అ ఆల కంటే ముందు "పైపూతకు మాత్రమే" అన్న మాట వచ్చింది.

డ్రెస్సరు పనికి ఒక క్రమం ఉంది. పొద్దున్నే కత్తెరలు, పట్టకార్లు నీళ్లలో ఇరవై నిమిషాలు మరగబెట్టాలి. పుండును లోపలి నుంచి బయటికి తుడవాలి. ఒకసారి తాకించిన దూదిని మళ్లీ తాకించకూడదు. చివరగా రిజిస్టరు. తేదీ, పేరు, పుండు ఎక్కడ, ఏం మందు, ఫలితం అని గళ్లుంటాయి. చీము ఆగి తోలు కలిసిన రోజు ఫలితం గడిలో "మానింది" అని రాసేవాణ్ని. వారానికొకసారి డాక్టరు పేజీ కింద సంతకం చేసేవాడు. మిగతావన్నీ ఎవరో చెబితే రాసేవి. సొంతంగా తేల్చి రాసే మాట అదొక్కటే. అది రాయడమంటే నాకు గొప్పగా ఉండేది. దాచుకోవడం దేనికి.

1989లో ముత్తమ్మ వచ్చింది. ఆమె మా ఊరి ఆడపిల్లల హాస్టల్లో వంట మనిషి. ముప్పై అయిదేళ్లుంటాయి. భర్త లేడు, ఇద్దరు పిల్లలు. చిన్ననాటి కీళ్ల జ్వరం గుండె కవాటాన్ని పాడు చేస్తే హైదరాబాదులో ఆపరేషను చేసి కొత్తది వేశారు. ఆ ఆపరేషనుకు రొమ్ము మధ్య ఎముకను నిలువునా కోసి, పక్కలకు విడదీసి, పని అయ్యాక తీగలతో కట్టేస్తారు. గాటు కింది కొస మానక చెమ్మ కారుతుంటే నా దగ్గరికి వచ్చింది. ఇరవై రెండు రోజులు కట్టు కట్టాను. గదిలో ఎవరూ మాట్లాడకపోతే కొత్త కవాటం టిక్కుటిక్కుమనడం నాకు వినిపించేది.

ఇరవై మూడో రోజుకు తోలు కలిసింది. రాస్తుండగా ఆమె లోపల సలుపుతున్నదని ఏదో అన్నది. పుండే పోయినప్పుడు సలుపు కూడా పోతుందిలే అనుకున్నాను. "మానింది" అని రాశాను.

నెల తర్వాత హాస్టలు వార్డెను, ముత్తమ్మ బరువు పని చేయవచ్చా అని కాగితం పంపింది. డాక్టరు మీటింగుకు భద్రాచలం పోయాడు. కాంపౌండరు నా రిజిస్టరు తీసి, చివరి గడిలో మాట చూసి, దాన్నే కాగితం మీద ఎక్కించి ముద్ర వేసి పంపాడు. అప్పటిదాకా ఆమె కూరగాయలు కోసేది, బియ్యం ఏరేది. ఆ కాగితంతో నూట ఇరవై మంది పిల్లల అన్నం గుండిగను వంచి గంజి వార్చే పని మళ్లీ ఆమె మీద పడింది. నాలుగు రోజులకు దవాఖానాకు వచ్చింది.

"ఏం రాసినవన్నా నా పేరు మీద?"

"ఉన్నదే రాసిన. పుండు లేదు, చీము లేదు. ఇంక నొప్పి ఏందమ్మా?"

"నువ్వు తోలు సూసినవు. నాకు తోలు నొస్తలేదు. బొక్కల నడుమ మొల దిగ్గొట్టినట్టున్నది. దగ్గితే నొప్పి, పక్కకు ఒరిగితే నొప్పి."

"మరి గప్పుడే చెప్పాలె గద."

"చెప్పిన. నువ్వు రాసుకుంటున్నవు, ఇనలే."

ఒకటో తారీఖులోగా గుండిగ పని సరిగ్గా చేయకపోతే ఇంకొకరిని పెట్టుకుంటానని వార్డెను చెప్పిందట. ముత్తమ్మది రోజువారీ పని, పర్మినెంటు కాదు. తీసేస్తే అడిగే దిక్కు లేదు. అయినా నాకు కోపమే వచ్చింది. నేను రాసిన మాటను ఒక వంట మనిషి కాదనడమేమిటని పంపేశాను.

ఆ వారమే హాస్టలు పిల్లలకు గజ్జి మందు పూయడానికి పోయాను. వంటింట్లో రెండో వంట మనిషి బుచ్చమ్మ నన్ను చూసి, "రా డ్రెస్సరన్నా, మా రాణిగారిని సూడు. లోపల గడియారం పెట్టిచ్చుకొచ్చింది, గుండిగ కాడికి రాంగనే ఆగిపోతది" అన్నది.

"ఆగితే నువ్వే కీ ఇయ్యి" అని ముత్తమ్మ నవ్వింది.

నవ్వుతూనే ఒక పాత చీర ముక్కను ఛాతీ చుట్టూ మూడు చుట్లు బిగించి పక్కకు ముడి వేసుకుంది. పక్కటెముక విరిగినవాళ్లకు నేను కట్టే కట్టు అదే. ఆమెకు ఎవరూ నేర్పలేదు. గుండిగ అంచు పట్టుకునే ముందు గాలి పీల్చి ఆపింది. గంజి అంతా పోయేదాకా ఊపిరి వదల్లేదు. తర్వాత గోడకు వీపు ఆనించి నిలబడింది. పొయ్యి వేడికి పట్టే చెమట నుదుటి మీద మొదలవుతుంది. ఆమెకు పై పెదవి మీద పట్టింది. కట్టు విప్పేటప్పుడు అరవకుండా ఓర్చుకునేవాళ్ల దగ్గర ఆ చెమట చాలాసార్లు చూశాను.

"ఆ గుడ్డ ఎన్ని రోజుల సంది కడుతున్నవు?" అని అడిగాను.

"నువ్వు కట్టు కట్టుడు ఆపిన రోజు సంది."

మర్నాడు డాక్టరుకు, నేను తప్పు రాశానని చెప్పాను. ఆయన ఆమెను పిలిపించి పరీక్షించాడు. ఈ ఆపరేషను తర్వాత ఎముక అతుక్కున్నా కొందరికి నొప్పి ఏళ్ల తరబడి ఉండిపోతుందన్నాడు. ఆమె రక్తం పలచబడే బిళ్లలు రోజూ వేసుకోవాలి. వాటితో పాటు మామూలు నొప్పి బిళ్లలు చాలావరకు పనికిరావు, నెత్తురు కారే ప్రమాదం ఉంది. కాబట్టి బరువు తప్పించడమే ముఖ్యమన్నాడు.

రిజిస్టరులో తప్పు దిద్దడానికి పద్ధతి ఉంది. చెరపరాదు, కాగితం చించరాదు. తప్పు మాట కనిపించేలా దాని మీద ఎర్రసిరాతో ఒకే గీత గీసి, పక్కన సరైనది రాసి, తేదీ వేసి సంతకం చేయాలి. పదేళ్లలో నేను ఒక్క గీత గీయలేదు. "కొత్త కాగితం రాసిస్తే సరిపాయె, రిజిస్టరెందుకు ఖరాబు చేస్తవయ్యా" అన్నాడు కాంపౌండరు. నాకు అక్షరాలు నేర్పినవాడు. నా గీతతో ఆయన వేసిన ముద్ర కూడా తప్పని తేలుతుంది. అయినా గీశాను. "తోలు కలిసింది. నొప్పి ఉంది. బరువు ఎత్తరాదు" అని రాశాను. గడి చాలక అక్షరాలు అంచుదాకా పోయాయి. డాక్టరు సంతకం చేసి, హాస్టలుకు తనే కాగితం రాశాడు.

వార్డెను రెండు రోజులు నాన్చి ఒప్పుకుంది. ఒకటో తారీఖున ముత్తమ్మ కత్తిపీట ముందు కూర్చుంది. గుండిగ పని బుచ్చమ్మ మీద పడింది. ఆమె నెల రోజులు నాతో మాట్లాడలేదు. ఆ కోపంలో న్యాయం ఉంది.

ముత్తమ్మ నొప్పి పోలేదు. 1998లో నేను రిటైరయ్యే నాటికీ ఉంది. చలికాలం ఎక్కువయ్యేది. బిందె సగానికే నింపుకునేది. పాల్వంచలో ఉన్న కూతురి దగ్గరికి పోవాలంటే, కుదుపు తక్కువని ముందు సీటు దొరికేదాకా బస్సులు వదిలేసేది. ఎట్లుందమ్మా అంటే, "అదీ ఉన్నది, నేనూ ఉన్న" అనేది.

ఎర్రగీత గీసిన ఏడాది నుంచి రిజిస్టరులో స్కేలు పెట్టి పెన్సిలుతో ఒక గడి ఎక్కువ గీసుకునేవాణ్ని, నొప్పికి. తనిఖీకి వచ్చినవాళ్లు ఇదేమిటని అడిగితే చెప్పేవాణ్ని. పుండు సంగతి డ్రెస్సరు చూసి రాయవచ్చు. నొప్పి సంగతి పడుతున్న మనిషిని అడిగే రాయాలి. అడిగేటప్పుడు కలం బల్ల మీద పెట్టాలి. చేతిలో కలం ఉంటే నాకు చెవులు పనిచేయవని తెలియడానికి పదేళ్లు పట్టింది.